ఊరికే

'తిరుగు' అనే క్రియకి తెలుగులో ఎన్ని దారులున్నాయో ఎప్పుడైనా గమనించారా? మగవాడు తిరిగితే దేశం తిరిగినవాడు, నాలుగూళ్ళ నీళ్ళు తాగినవాడు, లోకం తెలిసినవాడు. అతన్ని తిరుగుబోతు అని తిట్టినా అందులో సగం ముద్దు ఉంటుంది. ఆడదాన్ని అంటే మాత్రం ఆ మాటకిక తిరుగుండదు. 'తిరిగి ఆడది చెడింది, తిరగక మగాడు చెడ్డాడు' అని సామెత కూడా సిద్ధం చేసి పెట్టారు. ఇదే క్రియలోంచి తిరుగుబాటు అన్న మాటా పుట్టింది. ఇన్నేళ్ళ ఉద్యమాల వల్ల తిరుగుబాటుని మనం సొంతం చేసుకోగలిగాం. సభల్లో గొంతెత్తి పలుకుతాం. తిరుగుడు మాత్రం ఇంకా మన చేతికి రాలేదు. అందులోనూ పని లేకుండా, ఎవరికోసమో కాకుండా, ఊరికే తిరగడం.

వానాకాలం వెళ్ళీవెళ్ళని ఒక శనివారం నలుగురు స్నేహితురాళ్ళం మూడు మోటారు సైకిళ్ళ మీద హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళి అదే రోజు తిరిగొచ్చాం. రానూపోనూ 400 కిలోమీటర్లు దాటుతుంది. ఇదేమీ సాహసం కాదు. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు స్త్రీలు హైదరాబాదు నుంచే బయల్దేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం మీదుగా సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగొచ్చారు. వాళ్ళలో ఒకరైన పియా బహదూర్ 'రోడ్ టు మెకాంగ్' అనే పుస్తకం రాశారు. ఇంకా వెనక్కి వెళితే 1916లోనే వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్ళు అమెరికాని ఈ చివర్నించి ఆ చివరికి మోటారు సైకిళ్ళ మీద దాటారు. దారిలో పోలీసులు వాళ్ళని ఆపింది వేగంగా నడిపినందుకు కాదు, మగవాళ్ళ బట్టలు వేసుకున్నందుకు. ఆ ప్రయాణాల పక్కన మాది పెరుగన్నం మూట కట్టుకుని వెళ్ళొచ్చే ప్రయాణం. నేను రాయాలనుకున్నది సరిగ్గా అందుకే. రికార్డు లేదు, జెండా ఊపేవాళ్ళు లేరు, వెనక ఏ సందేశమూ లేదు. కుర్రాళ్ళు ప్రతి ఆదివారం చేసే ఇలాంటి మామూలు తిరుగుడు ఆడవాళ్ళకి ఎందుకింత అరుదుగా దొరుకుతుంది?

మా నలుగురిలో ఒకామె ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఒకామె లాయరు. నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. నాలుగో మనిషి, మేమంతా పెద్దక్కా అని పిలిచే రిటైర్డ్ టీచరు. వయసు అరవై నాలుగు. ముప్పై ఏళ్ళు లూనా మీదా, ఆ తర్వాత గేరు లేని స్కూటరు మీదా పల్లెటూరి బళ్ళకి వెళ్ళొచ్చిన మనిషి. ఆ రోజు ఆవిడ వంతులవారీగా మా ముగ్గురి వెనకా కూర్చుంది. ఎటూ పక్కకి కాకుండా, కాళ్ళు చెరోవైపూ వేసి.

ఇలా కూర్చోవడం చిన్న విషయమేమీ కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ఒకటుంది. ప్రతి మోటారు సైకిలుకీ వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆసరా, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే తొడుగు ఉండాలంటుంది. మనం చీర గార్డు అనేది దీన్నే. చాలామంది ప్రాణాలు కాపాడిన నియమం, కాదనను. చీర చెంగో చున్నీయో చక్రంలో పడి ఎంతమంది పోయారో మనకి తెలుసు. కానీ ఆ ఇనప జాలీని చూసినప్పుడల్లా అనిపిస్తుంది, ఈ బండి తయారైనప్పుడే ఆడదాని చోటు ఎక్కడో నిర్ణయమైపోయిందని. వెనక, పక్కకి తిరిగి, దారి కనపడని వైపు. ఢిల్లీలో అయితే 2014 దాకా ఆడవాళ్ళు హెల్మెట్ పెట్టుకోవడం తప్పనిసరి కూడా కాదు. చీరకి రక్షణ తప్పనిసరి, తలకి ఐచ్ఛికం!

ముందు సీటు సంగతి చెప్పాలంటే, నేను నడిపే ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. బరువు 195 కిలోలు. నా ఎత్తు అయిదడుగుల ఒక్క అంగుళం. రెండు కాళ్ళూ ఒకేసారి నేలకానవు. సిగ్నలు దగ్గర ఆగాలంటే తుంటిని ఒక పక్కకి జరిపి ఎడమ కాలు పూర్తిగా మోపాలి, కుడి కాలు బ్రేకు మీదే ఉండాలి. ఇది బలం కాదు, బరువు ఎటు వాలుతోందో ముందే పసిగట్టే అలవాటు. బిందె చంకనెత్తుకుని మెట్లెక్కే ఏ ఆడమనిషికైనా ఉన్న విద్యే. "ఆడవాళ్ళు ఇంత బరువు మొయ్యగలరా?" అని అడుగుతారు. బండిని ఎవరూ మొయ్యరు, బండే మనల్ని మోస్తుంది. కిక్కు కొట్టి స్టార్టు చెయ్యడమే మగతనానికి పరీక్షగా ఉన్న రోజులు కూడా పోయాయి. ఇప్పుడు మీట నొక్కితే చాలు.

మరైతే ఆడవాళ్ళు బండి నడపడం మన సమాజానికి ఇష్టం లేదా అంటే, అలా కూడా అనలేం. స్కూటీని ఎంత తొందరగా ఒప్పుకున్నారో చూడండి. పిల్లల్ని బడిలో దింపాలి, కూరలు తేవాలి, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఉద్యోగానికి వెళ్ళి చీకటి పడకముందే ఇంటికి రావాలి. ఇంటి పనికి చక్రాలు తొడిగితే ఎవరికీ అభ్యంతరం లేదు. పెద్దక్క లూనా కొన్నప్పుడు ఊరంతా విడ్డూరంగా చూసినా, "పాపం, బడికి టైముకి పోవాలి గదా" అని సర్దుకుందట. అదే లూనా మీద ఒక సెలవురోజు పక్కూరి చెరువు చూడ్డానికి వెళితే మాత్రం సాయంత్రానికల్లా ఇంట్లో పంచాయితీ పెట్టారు. బండి అదే, మనిషీ అదే. పని ఒక్కటే లేదు.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అవే సంవత్సరాల్లో మన నెల్లూరులో ఆ ఉద్యమమే సారా వ్యతిరేక పోరాటానికి దారితీసింది. నెల్లూరు మన చరిత్రలో భాగమైంది, అయి తీరాలి కూడా. పుదుక్కోట్టై సైకిళ్ళ గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. ఆ రోజుల్లో అక్షరాస్యతా తరగతులు నడిపిన పెద్దక్కకి ఇప్పటికీ ఆ లోటు గుర్తే. "మనం ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పాం, సంతకం నేర్పాం. తొక్కడం కూడా నేర్పి ఉంటే బావుండేది" అంటుంది.

తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. తుక్కుగూడ దాటేసరికి ఇంకా చీకటే. కడ్తాల్, ఆమనగల్లు వచ్చేటప్పటికి రోడ్డుకి రెండు పక్కలా పత్తి చేలు తెల్లగా కనపడటం మొదలైంది. ఏరడానికి వెళ్తున్న ఆడవాళ్ళు ఆటోల్లో కిక్కిరిసి కూర్చుని ఉన్నారు. ఆ వేళకి రోడ్డు మీద ఉన్నవాళ్ళలో సగంమంది ఆడవాళ్ళే. రోడ్డు మీద ఆడవాళ్ళు లేరనడం అబద్ధం. పనికి పోయే ఆడవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళని ఎవరూ ఎక్కడికని అడగరు, కూలి ఎంతని మాత్రమే అడుగుతారు.

కల్వకుర్తిలో టీ కొట్టు దగ్గర ఆగాం. హెల్మెట్లు తియ్యగానే మాటలాగిపోయాయి. కాసేపటికి ఒక పెద్దాయన మర్యాదగానే అడిగాడు.

"యాడికి పోతున్నరమ్మా?"

"శ్రీశైలం."

"దర్శనానికా?"

"కాదు, ఊరికే."

"ఊకెనే పోతరా? ఎంబడి మొగోళ్ళెవరు లేరా?"

పాపం ఆయన గొంతులో వెక్కిరింత లేదు. దర్శనానికి అని ఉంటే ఆయన మనసు కుదుటపడేది, మా ప్రయాణానికి ఒక అర్థం దొరికేది. ఆడవాళ్ళకి యాత్ర ఉంది, ప్రయాణం లేదు. మొక్కు ఉంటే ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. లాయరు నవ్వుతూ "నలుగురం ఉన్నం గద పెద్దయ్యా" అంది. "నలుగురున్నరు గని..." అని ఆయన మధ్యలో ఆపేశాడు. ఆ 'గని' తర్వాత ఏముందో మా అందరికీ తెలుసు.

టీ కొట్టు ఎదురుగా అచ్చంపేట వైపు వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. నిండా ఆడవాళ్ళు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మొదట్లో జరిగిన ఎగతాళి గుర్తుందా? బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్నారని వీడియోలు తీశారు. పనేమీ లేకపోయినా ఊరికే వస్తోంది కదా అని ఊరూరూ తిరుగుతున్నారని వెక్కిరించారు. తెలుగులో ఊరికే అంటే డబ్బు లేకుండా అనీ అర్థం, కారణం లేకుండా అనీ అర్థం. మన లోకానికి ఆడవాళ్ళ విషయంలో ఈ రెండూ మింగుడుపడవు. వెల్లుల్లి ఒలిచే ఆవిడని చూసి నవ్వినవాళ్ళెవరూ, ఇంటి పని బస్సులోకి కూడా వెంటపడి వచ్చిందని ఎందుకనుకోలేదో!

కల్వకుర్తి దాటాక పెట్రోలు పోయించుకుందామని బంకులో ఆగాం. మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి ఉన్న అబ్బాయి టిఫినుకి వెళ్ళాడు. మగవాళ్ళ ప్రయాణాల రాతల్లో ఈ వాక్యం ఎప్పుడూ రాదు. మా ప్రయాణ పథకంలో మాత్రం మొట్టమొదటి లెక్క ఇదే. ఎక్కడ ఆగొచ్చు, అక్కడికి ఎంతసేపు, అందాకా ఎన్ని గుక్కల నీళ్ళు తాగొచ్చు. నర్సు కోప్పడింది. "నీళ్ళు తాగకుండా బిగపట్టుకుని వచ్చే మూత్రం ఇన్‌ఫెక్షన్లు రోజూ చూస్తాను. బస్సు కండక్టర్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు, టీచర్లు. అందరిదీ ఒకటే జబ్బు, ఒకటే కారణం." ఇరవై నిమిషాలు ఆగాం. అబ్బాయి వచ్చాడు. లోపల బకెట్టు ఉంది, గడియ లేదు. ఒకరి తర్వాత ఒకరం తలుపు పట్టుకుని నిలబడ్డాం.

డిండి దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నాయి. గట్టు పక్కన బళ్ళు నిలిపి ఇడ్లీలు తిన్నాం. లాయరు అక్కడ తన తండ్రి సంగతి చెప్పింది. ఆమెది పాలమూరులో ఒక మాల కుటుంబం. తండ్రి తాపీమేస్త్రి. పాత రాజ్‌దూత్ ఒకటి కొన్నాడట. ఊళ్ళో పెద్ద వీధి మొదట్లో ఇంజను ఆపి, దిగి, చివరిదాకా నెట్టుకుంటూ వెళ్ళి మళ్ళీ స్టార్టు చేసేవాడు. అడిగితే పెట్రోలు కలిసొస్తుందని చెప్పేవాడు. చాలా ఏళ్ళ తర్వాత గానీ ఆమెకి అసలు లెక్క అర్థం కాలేదు. "మీరంతా ఆడవాళ్ళుగా బండెక్కారు. నేను ముందు మా నాయన బిడ్డగా ఎక్కాను. మా ఊరి పెద్ద వీధిలో ఇంజను ఆపకుండా పోవడానికి ఎక్కాను" అంది. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ నడిపినందుకు ఒక దళిత విద్యార్థి చేతులు నరికారని అతని కుటుంబం ఫిర్యాదు చేసింది. బండి మీద కూర్చున్న మనిషి ఎత్తు పెరుగుతుంది. ఎవరి ఎత్తు పెరగడం ఎవరికి కంటగింపో ప్రతి వీధికీ తెలుసు. రోడ్డు ఆడవాళ్ళకి మాత్రమే మూసుకుపోయిందని మాట్లాడినప్పుడల్లా, ఇంజను ఆపి నడిచిన ఆ మగమనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

హాజీపూర్ దాటి మన్ననూరు చేరితే అక్కణ్ణించి నల్లమల. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గేటు దాటగానే గాలి చల్లబడింది. మలుపులు మొదలయ్యాయి. మలుపులో బండిని చేతులతో తిప్పితే తిరగదు. ఎటు పోవాలో అటు చూడాలి, ఒళ్ళు కొంచెం వాల్చాలి, బండి దానంతటదే వస్తుంది. వెనక కూర్చున్న మనిషి కూడా నమ్మి మనతోపాటే వాలాలి. భయపడి ఎదురు వాలితే ఇద్దరికీ ప్రమాదం. పెద్దక్క మొదటి రెండు మలుపుల్లో బిగుసుకుంది. మూడో మలుపులో వదిలేసింది. ఆ వదిలెయ్యడం నా వీపుకి తెలిసింది. మనం ఒకళ్ళ శరీరాన్ని ఒకళ్ళం ఇంతగా నమ్మే సందర్భాలు ఎన్ని ఉంటాయి?

ఫరహాబాదు దాటాక నర్సు బండి వెనక చక్రం మెత్తబడింది.

పంచర్ అంటే మగవాళ్ళకి విసుగు. హైదరాబాదు ఆడవాళ్ళకి 2019 తర్వాత అది వేరే మాట. ఆ ఏడాది నవంబరు 27 రాత్రి శంషాబాదు టోల్‌గేటు దగ్గర నిలిపిన ఒక పశువైద్యురాలి స్కూటరు టైరులో గాలి కావాలని తీసేశారు. సాయం చేస్తామని దగ్గరికొచ్చినవాళ్ళే అత్యాచారం చేసి చంపేశారు. చెల్లెలికి కాకుండా పోలీసులకి ఫోన్ చేసి ఉండాల్సిందని అప్పటి మంత్రి ఒకాయన అన్నాడు. డిసెంబరు 6న నలుగురు నిందితుల్నీ పోలీసులు కాల్చేస్తే జనం పూలు చల్లారు. వద్దని హైకోర్టు తలుపు తట్టినవాళ్ళలో మన స్త్రీల సంఘాల కార్యకర్తలున్నారు. ఆ ఎన్‌కౌంటర్ నిజం కాదని సుప్రీంకోర్టు నియమించిన విచారణ సంఘం నివేదిక 2022లో బయటికొచ్చింది. ఈ లోపల ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఆడపిల్లల బండి తాళాలు తండ్రుల జేబుల్లోకి వెళ్ళాయో ఏ సంఘమూ లెక్క కట్టలేదు. నర్సుకి అప్పుడు రాత్రి డ్యూటీలు. ఇంట్లోవాళ్ళు ఉద్యోగం మానేయమన్నారు. ఆమె మానలేదు, పంచర్ వెయ్యడం నేర్చుకుంది.

ఆమె బండివి ట్యూబు లేని టైర్లు. అలాంటి వాటికి చక్రం విప్పాల్సిన పని లేదు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ మేకు ఎక్కడుందో పట్టుకుంది. పట్టకారుతో లాగింది. బుస్సుమని గాలి పోతుంటే, బరకగా ఉన్న సూజా ఆ రంధ్రంలో దూర్చి నాలుగుసార్లు పైకీ కిందకీ ఆడించింది. రబ్బరు వత్తిని సూది కన్నంలో ఎక్కించి, జిగురు పూసి, బలమంతా పెట్టి లోపలికి నొక్కి, ఒక్క విదుపుతో సూదిని బయటికి లాగింది. వత్తి లోపలే ఉండిపోయింది. మిగిలిన కొసలు కత్తిరించింది. గాలి పంపు కొట్టడం మా వంతు.

మధ్యలో ఒక బండి మమ్మల్ని దాటి వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగొచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు. ఆ తిరిగొచ్చే చప్పుడుకి మా నలుగురి మాటలూ ఒకేసారి ఆగిపోయాయి. లాయరు చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళింది. అక్కడ సిగ్నలు లేదు.

"ఏమైందక్కా? సాయం కావాల్నా?"

"వద్దు తమ్ముడూ, అయిపోవచ్చింది" అంది నర్సు తలెత్తకుండా.

వాళ్ళు వెళ్ళలేదు. కాస్త దూరంలో నిలబడి చూశారు. వత్తి దూరాక ఒకతను "ఎవరు నేర్పిన్రక్కా?" అని అడిగాడు. "నాకు కూడా రాదు. షాపుకే నెట్టుకపోత." నర్సు అతన్ని పిలిచి ఆ రంధ్రం చూపించి, వత్తి ఎటు పెట్టాలో చెప్పింది. వాళ్ళు మాకు నీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయారు.

మంచి పిల్లలు. కానీ వాళ్ళు మంచివాళ్ళని మాకు తెలిసింది వెళ్ళిపోయాకే. అందాకా గడిచిన ఆ పది నిమిషాల్లో మా ఒళ్ళు పడ్డ కష్టం వాళ్ళకెప్పటికీ తెలియదు. హింస జరిగినప్పుడే దాని నష్టం లెక్కకొస్తుంది. జరగని రోజున కూడా మనం ఎంత చెల్లిస్తామో ఎక్కడా నమోదు కాదు.

వటవర్లపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక చెంచు అవ్వ సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. కొన్నాం. మా బళ్ళనీ మమ్మల్నీ తీరుబడిగా చూసి, "ఇంట్ల జెప్పే ఒచ్చిన్రా?" అని అడిగింది. అందరం నవ్వాం. తను పళ్ళ కోసం తెల్లారకముందే ఎంత లోపలికి వెళ్తుందో చెప్పింది. ఒక్కతే వెళ్తుంది. పులి భయం లేదా అంటే, పులి తన దారిన తను పోతుందంది. భయమల్లా ఊరు ఎత్తేస్తారనే. అభయారణ్యం నడిబొడ్డున ఉన్న చెంచు పెంటల్ని బయటికి తరలించే ప్రయత్నాలు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. 2019లో యురేనియం తవ్వకాల కోసం ఇదే అడవి మీద కన్ను పడితే చెంచులు, హక్కుల సంఘాలు అడ్డుకున్నారు. తవ్వకాలు వద్దని శాసనసభ తీర్మానం చేసింది. మేం ఊరికే చూడ్డానికి వచ్చిన ఈ అడవి ఆమెకి వంటిల్లు. మేం నెలంతా సంపాదించుకుని ఒక శనివారం కొనుక్కున్న తిరుగుడు ఆమె పుట్టుకతో వచ్చింది. దాన్నే ఇప్పుడు తీసుకుంటామంటున్నారు.

దోమలపెంట, ఈగలపెంట దాటి, కృష్ణ మీద వంతెన దాటి, ఘాటెక్కి శ్రీశైలం చేరేసరికి మధ్యాహ్నమైంది. నిజానికి మాకు ఒక గమ్యం ఉంది. పాతాళగంగ నుంచి బోటులో అక్కమహాదేవి గుహలకి వెళ్ళాలని. పన్నెండో శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి. ఉడుతడి నుంచి, కౌశికుడనే రాజుని విడిచి, బట్టలు కూడా విడిచి, జుట్టే కప్పుకుని కల్యాణం దాకా, అక్కణ్ణించి శ్రీశైలం దాకా నడిచొచ్చిందని కథనం. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో చదివినప్పటి నుంచీ ఆమె నాకు దగ్గరి మనిషి.

కానీ ఆ రోజు బోటు లేదన్నారు.

రేవు మెట్ల మీద కూర్చున్నాం. నాకు నీరసం వచ్చింది. ఇంత దూరం వచ్చి? పెద్దక్క సీతాఫలం విప్పుతూ అక్కమహాదేవి కథలో మరో ఘట్టం గుర్తు చేసింది. కల్యాణంలో అనుభవ మంటపానికి వెళ్ళినప్పుడు అల్లమప్రభువు ఆమెని నిలదీశాడట. నీ భర్త ఎవరో చెప్పు, చెబితేనే లోపలికి రా అని. అంత విప్లవం జరుగుతున్న చోట కూడా గుమ్మంలో అడిగిన ప్రశ్న అదే. ఆమె చెన్నమల్లికార్జునుడి పేరు చెప్పింది. "దేవుణ్ణే మొగుడన్నందుకు భక్తురాలైంది. ఊరికే నడిచొచ్చానంటే ఏమనేవాళ్ళో?" అంది పెద్దక్క. మొగుడో, మొక్కో, ఉద్యోగమో, ఉద్యమమో, ఏదో ఒక పేరు చెప్పందే మన అడుగుకి అనుమతి లేదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో రాసిన 'వై లాయిటర్?' పుస్తకంలో ముంబయి స్త్రీల గురించి ఈ సంగతే చెప్పారు. భద్రత అడగడం సరిపోదు, పని లేకుండా బయట ఉండే హక్కు కావాలని. పని ఉన్నవాళ్ళకే భద్రత అంటే, పని లేని ఆమెకి జరిగింది ఆమె తప్పవుతుంది. ప్రతి కేసులోనూ "ఆ టైములో అక్కడేం పని?" అన్న ప్రశ్న పుట్టేది అక్కడే.

గమ్యం పోయాక మాకు మిగిలింది వచ్చిన దారి ఒక్కటే. దానికి నాకు అప్పుడు చింత అనిపించలేదు. ఒక గంటసేపు ఏమీ చెయ్యకుండా నీళ్ళని చూస్తూ కూర్చున్నాం. నాలుగింటికి లేచాం.

మన్ననూరు గేటు దగ్గరికి వచ్చేసరికి రాత్రి ఏడుంబావు. ఈ గేటు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాకా మూసేస్తారు. ఖాకీ బట్టల్లో ఉన్న ఒక అటవీశాఖ అమ్మాయి మా బళ్ళ వైపు ఇష్టంగా చూసింది. తనూ గస్తీకి బండి మీదే వెళ్తానంది. తొమ్మిదికే ఎందుకు మూస్తారని పెద్దక్క అడిగింది.

"రాత్రిపూట జంతువులు రోడ్డు దాటుతయమ్మా. బండ్ల కింద పడతయి. అందుకే బండ్లను ఆపుతం."

"మగవాళ్ళ బళ్ళు కూడానా?"

ఆ అమ్మాయికి ముందు ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక పకపకా నవ్వింది. "అందరివీ అమ్మా. ఎవరైనా సరే."

పెద్దక్క అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. "నా జీవితంలో రాత్రి తొమ్మిదింటికి మగవాళ్ళకి కూడా మూసే గేటు ఇదే మొదటిసారి చూడటం" అంది.

ఆడపిల్లల హాస్టలు గేట్లు గుర్తొచ్చాయి నాకు. వాటి మీద 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' అని పోరాటం చేశారు. నేను పని చేసే చోట కూడా ఆ గేటుంది. ఆడపిల్లల క్షేమం కోసం ఆడపిల్లల్ని లోపల పెట్టి తాళం వేస్తాం. ఇక్కడ దుప్పి క్షేమం కోసం దుప్పిని కట్టెయ్యలేదు. రాత్రిపూట నీకు రోడ్డు మీదేం పనని చిరుతని ఎవరూ అడగరు. అపాయం బళ్ళ నుంచి కాబట్టి బళ్ళని ఆపారు. ఇంత సూటి న్యాయం ఈ రాజ్యానికి తెలుసు, అమలు చెయ్యడమూ చేతనవును. రోజూ తొమ్మిదింటికి ఒక ఇనప గేటు అడ్డం వేసి చేసి చూపిస్తోంది. కాకపోతే ఆ న్యాయం అడవి సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. గేటుకి ఇవతల మళ్ళీ దుప్పుల్నే కట్టేస్తారు.

మగవాళ్ళందరికీ తొమ్మిదింటికి తాళం వెయ్యాలని నేననడం లేదు. మా లాయరు తండ్రి లాంటివాళ్ళకి తాళాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. గేటు ఎవరిని ఆపుతోంది, ఎవరి కోసం ఆపుతోంది అని ప్రతిచోటా అడగడం నేర్చుకోవాలంటున్నాను. హాస్టలు దగ్గర, ఇంటి గుమ్మం దగ్గర, పెద్ద వీధి మొదట్లో, చెంచు పెంట దగ్గర.

హాజీపూర్ దాకా రోడ్డంతా ఖాళీ. లాయరు ముందు, నర్సు మధ్యలో, నేనూ పెద్దక్కా చివర్న. నర్సుకి పొద్దున్నే డ్యూటీ ఉంది. నేను ఆదివారం పేపర్లు దిద్దాలి. డిండి దగ్గర చలిగాలికి పెద్దక్క తన శాలువా తీసి మా ఇద్దరికీ కలిపి చుట్టి, కొసలు చక్రంలో పడకుండా జాగ్రత్తగా తన నడుముకి బిగించి కట్టుకుంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి అడిగింది.

"ఈ గేర్లు ఎన్ని రోజుల్లో వస్తాయే?"